అగ్గిపుల్ల మందు, సౌర ఘటం సిరా

తమిళనాడులో విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా నల్లరేగడి నేల. వాన తక్కువ, ఎండ ఎక్కువ. అగ్గిపుల్లల తలలు మందులో ముంచి ఆరబెట్టే పనికి ఆ పొడి గాలి కలిసొచ్చింది.

అగ్గిపెట్టె పక్కనుండే గోధుమరంగు పట్టీని చూడండి. అందులో ఉన్నది ఎర్ర భాస్వరం. పంతొమ్మిదో శతాబ్దంలో పుల్ల తలకు తెల్ల భాస్వరం పూసేవారు. ఆ పుల్ల చక్కగా వెలిగేది, కొన్నవాడికి ఏ లోటూ లేదు. పూసినవాళ్లలో కొందరి దవడ ఎముకలు మాత్రం కుళ్లిపోయాయి. అగ్గిపుల్లల్లో తెల్ల భాస్వరాన్ని 1906 బెర్న్ ఒప్పందం, మన దేశంలో 1913 చట్టం నిషేధించాయి.

పాలిమర్ సౌర ఘటాన్నీ ఈ కొలతతోనే, అంటే తయారుచేసేవాళ్లకు ఏమవుతుందన్న కొలతతోనే చూడాలంటాను. పాలిమర్‌ను, దానికి జోడీ పదార్థాన్ని ద్రావణిలో కరిగించి, సుమారు 100 నానోమీటర్ల పొరగా పూస్తారు. ద్రావణి ఆవిరైపోతుంది. ఇంటిమీదికెక్కే పలకలో అది దాదాపు మిగలదు. పూసేచోట గాలి బాగా లాగకపోతే, పనివాడి ఊపిరిలోకి పోతుంది.

క్లోరిన్ ఉన్న క్లోరోఫాం, క్లోరోబెంజీన్ ఒంటికి చేటు చేసేవే, కానీ ఈ పదార్థాలను సులువుగా కరిగిస్తాయి. క్లోరోఫాం 61 డిగ్రీలకే మరిగి త్వరగా ఆరుతుంది కనుక మిశ్రమం సన్నగా కుదురుకుంటుంది. క్లోరిన్ లేని ఆర్థో జైలీన్ మరగడానికి 144 డిగ్రీలు కావాలి. పొర నెమ్మదిగా ఆరేలోగా పాలిమర్ ముద్దలు కట్టవచ్చు. వెలుగు తగిలి పుట్టిన ఎక్సిటాన్ అనే శక్తి మూట పది నానోమీటర్లు, అటూ ఇటూగా, పోయేసరికి ఆరిపోతుంది. ముద్ద అంతకన్నా పెద్దదైతే అది జోడీ పదార్థం అంచుకు చేరదు, ఆ వెలుగు వృథా. పాలిమర్ పక్క గొలుసులు మార్చడం, వేడిచేసి పూయడం, చిటికెడు సంకలితం కలపడం, ఇవన్నీ ఆ ముద్దల మీద పోరాటమే.

2016లో హాంకాంగ్ శాస్త్రవేత్తలు క్లోరిన్ లేని ట్రైమిథైల్‌బెంజీన్‌తో 11.7 శాతం సామర్థ్యం సాధించారు. 2019లో వై6 అనే జోడీ అణువుతో 15.7 శాతం వచ్చింది, కానీ క్లోరోఫాంలో. అంకె రెండోదే పెద్దది. నా లెక్కలో మొదటిదే గొప్పది. క్లోరిన్ లేనిదే పని జరగదన్న మాటను అది కొట్టేసింది.

అలాగని జైలీన్‌కు ‘హరిత’ ముద్ర వేస్తే ఒప్పుకోను. అదీ తల తిప్పుతుంది, నరాలకు చేటు. పాలిమర్ రేణువులను నీటిలో కలిపిన ‘నీటి సిరా’ అన్న పేరునూ నమ్మేముందు, ఆ రేణువులను దేనితో చేశారని అడగాలి: అందులోని రేణువులను చాలాసార్లు క్లోరోఫాంతోనే తయారుచేసి, తర్వాత దాన్ని మరిగించి తీసేస్తారు. మొక్కజొన్న కంకి బెండ్ల నుంచి తీయగల మిథైల్ టెట్రాహైడ్రోఫ్యూరాన్ మీద నాకు ఆశ ఎక్కువ. కాకపోతే నిల్వలో పేలుడు పెరాక్సైడ్లు పుట్టకుండా చూసుకోవాలి.

ఈ ఘటాలు క్యాలెండర్లలా అచ్చయ్యే రోజొస్తే, విరుదునగర్ జిల్లాలోని శివకాశి లాంటి ముద్రణ ఊళ్లకే ఆ పని రావచ్చు. అందుకే పరిశోధకులకు నా విన్నపం: సామర్థ్యం అంకె పక్కనే ద్రావణి పేరూ రాయండి, రేణువుల తయారీలో వాడినదాంతో సహా.