రెవిట్ మోడల్ ఎక్కడ బరువెక్కుతుంది?

భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో గోడ అంటే రెండు గీతలు కాదు. గోడ ఎత్తును పై అంతస్తు లెవెల్‌కు కట్టేయొచ్చు. తలుపు గోడను పట్టుకుని ఉంటుంది, తలుపుల షెడ్యూల్ ఆ తలుపును. ఒకచోట మారిస్తే ప్లాన్, సెక్షన్, షెడ్యూల్ వాటంతటవే సర్దుకుంటాయి. 2002లో ఆటోడెస్క్ కొనుక్కున్న ఈ సాఫ్ట్‌వేర్‌కు పేరు తెచ్చిన గుణం ఇదే, మోడల్ పెరిగేకొద్దీ నత్తనడక తెచ్చేదీ ఇదే. ఏది మార్చినా దానితో ముడిపడ్డవన్నీ మళ్లీ లెక్కకట్టాలి. ఆ లెక్కలు చాలావరకు ఒకటి తేలితేగానీ రెండోది మొదలుకానివి. అందుకే 16 కోర్ల ప్రాసెసర్ కొన్నా తరచూ ఒక కోరే చెమటోడుస్తుంది.

మోడల్ మొరాయించగానే ఆఫీసుల్లో నింద భవనం సైజు మీదికో, ర్యామ్ మీదికో పోతుంది. ముందు చూడాల్సింది సొంతంగా చేసుకున్న ఫ్యామిలీలను, అంటే తలుపు లాంటి వస్తువుల నమూనాలను. తలుపు ఫ్యామిలీకి వెడల్పు, ఎత్తు మారితే చాలు. కానీ అందులోకి హ్యాండిల్ ఇంకో ఫ్యామిలీగా వస్తుంది, హ్యాండిల్‌లోకి స్క్రూలు. లూవర్ పలకలకు అర్రే, పలకల సంఖ్యకు ఫార్ములా, సందులకు వాయిడ్ కోతలు. 1:100 ప్లాన్‌లో స్క్రూ ఎవరికీ కనపడదు. దాన్ని పనితనం అనుకుంటారు గానీ, అది మోజు. అదే తలుపు వందలచోట్ల పడ్డాక, ఎత్తు సవరించిన ప్రతిసారీ ఆ మోజుకు కిరాయి కట్టాలి. డీటెయిల్ లెవెల్ తగ్గించి దాచినా స్క్రూ తెర మీంచి పోతుందే తప్ప ఫైల్లోంచి పోదు.

బరువు చొరబడే దొంగదారి ఇంకొకటుంది. తయారీదారు ఇచ్చిన క్యాడ్ బొమ్మను ఫ్యామిలీలోకి ఇంపోర్ట్ చేస్తే దాని లేయర్లు కూడా వెంట వస్తాయి. ఎక్స్‌ప్లోడ్ చేస్తే ‘ఇంపోర్ట్’ అని మొదలయ్యే లైన్ ప్యాటర్న్‌లు జాబితా నిండా చేరతాయి.

వ్యూ టెంప్లేట్లు, ఫిల్టర్లు, షేర్డ్ పారామీటర్లు ఒక్కొక్కటిగా పెద్ద భారం కావు. అయితే పాత ప్రాజెక్టును కాపీ కొట్టి కొత్తది మొదలుపెట్టే అలవాటున్న చోట అవి తరతరాలుగా పోగవుతాయి.

పర్జ్ అన్‌యూజ్డ్ కమాండ్ వాడనివాటినే తీసేస్తుంది. స్క్రూల తలుపు వాడుకలోనే ఉంది కాబట్టి దాని జోలికి పోదు. అనుమానమున్న ఫ్యామిలీని విడిగా సేవ్ చేసి ఫైల్ సైజు చూడాలి. తర్వాత ఖాళీ ప్రాజెక్టులో గుంపుగా పెట్టి కొలతలు మార్చి చూడాలి. అక్కడా తడబడితే లోపం దానిదే. అర్రే స్థానంలో ఒకే పలక, హ్యాండిల్ స్థానంలో సింబాలిక్ గీతలు పెట్టి, స్క్రూల సంగతి డీటెయిల్ డ్రాయింగ్‌కు వదిలేయాలి.