వాన దిగని వామి

దర్శి నుంచి కురిచేడు వైపో తాళ్ళూరు వైపో వెళ్ళేటప్పుడు దొడ్లలో నిలబడి ఉన్న గడ్డివాములను ఎవరూ పనిగట్టుకుని చూడరు. వేసిన కొత్తలో పసుపుపచ్చగా ఉంటాయి, ఎండకూ వానకూ బూడిదరంగుకు తిరుగుతాయి. ఆ బూడిదరంగు పొరలోకి చెయ్యి దూర్చి, లోపలి గడ్డి గుప్పెడు లాగి చూడండి. మంచి చేతి వామి అయితే పోయినేటి గడ్డి కూడా రంగు తగ్గకుండా, కమ్మటి వాసనతో బయటికొస్తుంది. పైన తాటాకు లేదు, పట్టా లేదు. నైరుతి వానలూ, అక్టోబరు, నవంబరు తుపాన్లూ దాని మీదుగానే పోయాయి. గోడా కప్పూ లేకుండా గడ్డిని గడ్డితోనే కాపాడే ఈ పనితనం మన వైపు వ్యవసాయంలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించే విద్య.

ఈ నేలకు వరిగడ్డి కాస్త ఆలస్యంగానే వచ్చింది. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టులో నీళ్ళు వదిలారు. కుడికాలువ నీళ్ళు దర్శి బ్రాంచికి అందాకే ఇక్కడ వరి పెరిగింది. అంతకుముందు ఇదంతా మెట్ట. గొడ్లకు జొన్నచొప్ప, సజ్జచొప్పే ఆధారం. ఇవాళ బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్ల కొద్దీ పెరుగుతున్న ఒంగోలు జాతి ఇలాంటి మెట్ట మేత మీద బతికి బలిసినదే. వరిగడ్డికి ఆ చొప్పకున్న సత్తువ లేదు. మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళకు మించవు, సిలికా ఎక్కువ. ఆ లోటు తెలిసిన రైతులు పిల్లిపెసర, జనుము ఎండబెట్టి, వామి వేసేటప్పుడు వరిగడ్డి పొరల మధ్య పల్చగా పరిచేవారు. పీకిన ప్రతి గుప్పెట్లో రెండూ కలిసి వచ్చేవి. పశువుకు పప్పుజాతి మేత అందేది, ఉత్త గడ్డిని చూసి మూతి తిప్పుకునే గొడ్డు కూడా ఇష్టంగా తినేది.

ఇక వామి వేయడం. దొడ్లో మెరక చూసి రాళ్ళు పరిచి, వాటి మీద పత్తికట్టె గానీ కందికట్టె గానీ అడ్డంగా నిలువుగా వేస్తారు. నేల చెమ్మ పైకి ఎక్కదు, చెదల బెడద తగ్గుతుంది, అడుగున గాలి ఆడుతుంది. పత్తి పండే ఊళ్ళో ఆ కట్టెకు కరువేముంది?

కింద నుంచి ఒకరు పంగలకర్రతో గడ్డి అందిస్తుంటే, పైనున్న మనిషి ముందు అంచుల వెంబడి చుట్టూ పరుస్తాడు, తర్వాత నడుమ నింపుతాడు. కిటుకంతా ఆ నడుమలోనే ఉంది. అది ఎప్పుడూ అంచుకంటే ఎత్తుగా ఉండాలి, అక్కడే గట్టిగా తొక్కాలి. అప్పుడు ప్రతి పరకా బయటికి వాలి ఉంటుంది, మీద పడ్డ చుక్క ఆ పరక వెంబడే జారి బయటికి పోతుంది. కొత్త వామి కొన్నాళ్ళకు అణుగుతుంది. నడుమ సరిగా తొక్కకపోతే అణిగేది నడుమే. పరకలన్నీ లోపలికి వాలిపోయి, వాన నేరుగా వామి పొట్టలోకి దిగుతుంది. వేసిన రోజు రెండు వాములూ ఒక్కలాగే కనిపిస్తాయి. శ్రావణం వెళ్ళాక ఒకటి గడ్డి, ఒకటి పెంట.

భుజం దగ్గర వామిని మొదలుకంటే కాస్త వెడల్పు చేస్తారు. పైనుంచి జారిన నీళ్ళు పాక చూరు నుంచి పడినట్టు మొదలుకు ఎడంగా పడతాయి. అక్కడి నుంచి కురచ చేసుకుంటూ పోయి కొప్పు తేలుస్తారు. తర్వాత పక్కలు దువ్వుతారు. వదులుగా ఉన్న గడ్డిని చేత్తో పీకేస్తే మిగిలిన పరకల కొసలు కిందికి వేలాడతాయి. చివరికి గడ్డితోనే పేనిన వెంట్లు కొప్పు మీదుగా వేసి, రెండు కొసలకూ రాళ్ళు కడతారు. గాలి వాటిని కదిలించలేదు.

ఇంత చేసినా, వేసిన గడ్డి పచ్చిదైతే అంతా వృథా. గుప్పెడు తీసుకుని మెలిపెడితే చిటపటమని విరగాలి. మెత్తగా వంగిందంటే ఇంకా చెమ్మ ఉన్నట్టే. చెమ్మగడ్డి వామిలో కాగుతుంది, బూజు పడుతుంది, వేడి మరీ ముదిరితే దానంతటదే అంటుకోవచ్చు కూడా. జొన్న విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. లేత జొన్న, కోసిన మోడు నుంచి లేచిన పిలకలు నాము. మేసిన గొడ్డు గంటల్లో పడిపోతుంది. పూత దాటాక కోసి బాగా ఎండబెట్టిన చొప్పకు ఆ భయం చాలా వరకు ఉండదు.

వామి వేయడం ఒక ఎత్తు, పీకడం ఒక ఎత్తు. వాన కొట్టని వైపు నుంచి, ఒకే పక్క, పై నుంచి కిందికి సమంగా పీకుతూ పోవాలి. కింద గుల్ల చేస్తే పైది విరిగి పడుతుంది. పీకిన గడ్డిని దులిపి, గాడిలో కొంచెం కొంచెంగా పలుమార్లు వేసే ఇంట్లో గడ్డి గొడ్ల కాళ్ళ కిందికి పోదు.

ఇప్పుడు దర్శి వంటి ఊళ్ళలోనూ పిల్లల కోసం కుందేళ్ళు తెచ్చుకుంటున్నారు. గడ్డిని బాగా ఎండబెట్టి చెమ్మ తగలకుండా దాచే లెక్క వాటి మేతకూ వర్తిస్తుంది. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతాయి, నమిలి అరగదీయడానికి ఎండుగడ్డి పొద్దస్తమానం ముందుండాలి. దానికి ఉత్త వరిగడ్డి చాలదు. పూత వేళకు కోసి నీడలో ఆరబెట్టిన గరిక మేలు. రంగు ఆకుపచ్చగా నిలవాలి, దులిపితే దుమ్ము రేగకూడదు, ముక్క వాసన రాకూడదు. ప్లాస్టిక్ సంచిలో మూతి కడితే చెమ్మ పడుతుంది, గోనెసంచిలో వేసి నేలకు ఎడంగా పెట్టాలి. మిరప, పత్తి చేల గట్ల మీది గరికను మాత్రం ముట్టుకోవద్దు. ఆ చేలకు మందు కొట్టని వారం తక్కువ.

కోతమిషన్ వచ్చాక గడ్డి నలిగి ముక్కలై పడుతోంది. పొడుగు పరక లేనిదే నీళ్ళు జారే వాలు కుదరదు. బేలర్‌తో కట్టలు చుట్టించి షెడ్డులో పెట్టుకునేవాళ్ళది తప్పని నేను అనను, మనుషులు దొరకని రోజులివి. నాసి గడ్డిని బాగుచేసే దారీ ఉంది. నూరు కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్ళలో కరిగించి సమంగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే మాంసకృత్తుల పాలు పెరుగుతుంది, అరుగుదలా మెరుగవుతుంది. ఆరు నెలలు నిండని దూడలకు, కుందేళ్ళకు అది పెట్టకూడదు. కొలతల్లో సందేహముంటే దర్శిలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వెళ్ళి అడగండి. మిషన్ వెనక పొలంలో మిగిలిన గడ్డికి మాత్రం అగ్గి పెట్టకండి. గొడ్లున్నవాళ్ళకు ఒక్క కబురు చేయండి, వాళ్ళే బండి కట్టుకొచ్చి తోలుకుపోతారు.