గ్రహాంతరవాసుల కామరూపత్వము

కామరూపి యనఁగాఁ దన యిచ్చవచ్చిన రూపమును ధరింపఁగలవాఁడు. ఈ శబ్దము మారీచ ఘటోత్కచాదులయెడ సార్థకమే. కాని యాంగ్లమునందలి విజ్ఞానకల్పిత కథలలో లోకాంతరములనుండి వచ్చు రూపధారులకెల్ల నీ పేరొక్కటియే పెట్టుట పొసఁగదు. ఇచ్చ యెవరిదని యడిగినచో భేదము తేటపడును.

జాన్ డబ్ల్యూ. కాంప్‌బెల్ 1938వ సంవత్సరమున డాన్ ఎ. స్టువర్ట్ అను మాఱుపేరుతోఁ బ్రకటించిన 'హూ గోస్ దేర్?' అను పెద్దకథ మొదటి తెగకు లక్ష్యము. దక్షిణధ్రువప్రాంతమున మంచులోఁ జిరకాలము గడ్డకట్టి యున్న జంతువొకటి మంచు కరఁగఁగా లేచును. అది యొక ప్రాణిని మ్రింగి, యా ప్రాణియే తానగును. దేహమునేకాక జ్ఞాపకములను, బలుకుతీరును గూడ ననుకరించును. భారతమున దమయంతీస్వయంవరమందు నలరూపధారులైన దేవతలకు ఱెప్పపాటు లేదు, చెమట లేదు, పాదములు నేలనంటవు. ఆమె ప్రార్థింపఁగాఁ గరుణించి వారే యా గుఱుతులఁ జూపిరి. కాంప్‌బెల్ వర్ణించిన శిబిరమున నట్టి కరుణయు లేదు, అట్టి గుఱుతును లేదు. ప్రక్కపడకనున్న చిరమిత్రుఁడు మనుష్యుఁడగునో కాఁడో చెప్పుట కేలక్షణమును జాలదు. తుదకుఁ బరీక్ష నెత్తుటికి వచ్చును. ప్రతివాని నెత్తుటియందును గాల్చిన తీఁగను ముంచుదురు. మనుష్యుని నెత్తు రూరకుండును. జంతువు నెత్తురు తానొక వేఱు ప్రాణియై, తన బ్రతుకు తాను జూచుకొని, తప్పించుకొనఁబోవును. ఈ కల్పన మిక్కిలి మెచ్చఁదగినది. అనుకరణమెంత పరిపూర్ణమైనను అది యైక్యములేని దేహము. ప్రతి బొట్టునకును స్వార్థమే. 1951 నాఁటి చలనచిత్రమున నీ రూపధారణమును దొలఁగించి సామాన్యరాక్షసుని జూపుటచేఁ గథకుఁ బ్రాణము పోయినది. 1982లో జాన్ కార్పెంటర్ తీసిన చిత్రమున నది మరల వచ్చినది.

జాక్ ఫిన్నీ 1955లో వెలువరించిన 'ది బాడీ స్నాచర్స్' నవలలోఁ గాయలనుండి పుట్టు మనుష్యప్రతులను గూడ నీ కోవలోఁ జేర్చుట యుచితము గాదు. ఒకమాఱు రూపము కుదిరినపిమ్మట నవి మాఱవు.

రే బ్రాడ్‌బరీ 1950లోఁ బ్రచురించిన 'ది మార్షియన్ క్రానికల్స్' అను గ్రంథములోని 'ది మార్షియన్' కథ తీరు వేఱు. కుజగ్రహమునకు వలసపోయిన వృద్ధదంపతులకడకు, మృతుఁడైన కొడుకు రూపున నొక కుజవాసి వచ్చును. వాఁడు కోరినది యాశ్రయము. రూపము వచ్చినది వారి శోకమునుండి. వాఁడు కొడుకు కాఁడని తండ్రికిఁ దెలియును, తెలిసియు నుంచుకొనును. పట్టణములోనికిఁ బోఁగానే వానిని జనులు చుట్టుముట్టుదురు. ఒకరికి వాఁడు చనిపోయిన కూఁతురు, వేఱొకరికిఁ దాము వెదకుచున్న నేరస్థుఁడు. అందఱి కోర్కులు నొక్కమాఱు లాగుటచే మొగము నిలువక, మైనమువలెఁ గరఁగి, వాఁడు ప్రాణము విడుచును. ఇచట నిచ్చ పరులది. కామరూపి యనుపదము తలక్రిందైనది.

కుజవాసి నిజరూపమును గ్రంథకర్త యెందును జెప్పకపోవుట కొందఱకు లోపముగాఁ దోఁపవచ్చును. చెప్పియున్నచో నెవ్వరును గోరని మొగమొకటి వానికి మిగిలియుండెడిది. మారీచుఁడు బాణము తగులఁగానే నిజరూపమును బొందెను. వీనికి మరణమునందును అది దొరకలేదు.