చలనచిత్రమున స్థలౌచిత్యము

నాటకరంగమున స్థలమును నిర్మించునది మాట. నటుడు 'ఇది తపోవనము' అని పలికినంతనే ప్రేక్షకుని మనస్సునకు తపోవనము గోచరించును. వెనుకనున్న తెర చినిగియున్నను రసభంగము కలుగదు. చలనచిత్రమునకు ఈ సౌకర్యము లేదు. అది రాతిని రాయిగను, ఎండను ఎండగను చూపవలసినదే. కావుననే గతకాలపు కథను తెరకెక్కింప బూనినవారు విద్యుత్తు తీగలును కాంక్రీటు మేడలును లేని చోటులకై ఊరూర వెదకుచుందురు. దొరికిన చోటు కన్నుల పండువుగా నున్నచో ప్రకటనలందు దానినే ముందుగా పొగడుదురు. ఆ పొగడ్తలో రెండు ప్రశ్నలు మరుగుపడుచున్నవి. ఆ చోటు అంత పాతదిగా ఏల మిగిలినది? అందు కాపురమున్నవారు ఏమైరి?

ఈ ప్రశ్నలు మాకు కలుగుటకు కారణము ఇటలీ దర్శకుడు ఫ్రాంచెస్కో రోసి 1979లో వెలువరించిన 'క్రీస్తు ఎబోలివద్దనే నిలిచిపోయెను' అను చిత్రము. దానికి మూలము అదే పేరుతో కార్లో లేవి రచించి 1945లో ప్రకటించిన స్వానుభవ గ్రంథము. లేవి ఉత్తర ఇటలీలోని ట్యూరిన్ నగరమున పుట్టినవాడు. వైద్యము చదివి, చిత్రలేఖనమును వృత్తిగా గైకొన్నవాడు. ముస్సోలినీ ప్రభుత్వమును ఎదిరించినందుకు 1935లో ఆతనిని దక్షిణమున లుకానియా మండలమునకు పంపి నిర్బంధించిరి. ఆతడు మొదట గ్రస్సానోలోను, పిదప అలియానో అను కొండ గ్రామములోను గడిపి 1936లో విడుదల పొందెను. గ్రంథమున అలియానోను గల్యానో అని పేరు మార్చి వ్రాసెను.

ఎబోలి నేపుల్స్ నగరమునకు దక్షిణముగా నున్న పట్టణము. రహదారియు రైలుదారియు సముద్రతీరమును విడిచి లోనాడునకు మళ్లునది అక్కడనే. క్రీస్తు అక్కడనే ఆగెనట, తమదాక రాలేదట. ఇది ఆ రైతుల మాట. వారి వాడుకలో క్రైస్తవుడనగా మనుష్యుడని అర్థము. తమ్ము ఎవ్వరును మనుష్యులుగా లెక్కింపలేదని వారి మొర.

ఇట్టి కథకు ఎట్టి స్థలము ఉచితము? రోసి ఒక్క ఊరితో తృప్తి చెందలేదు. గ్రంథములోని ఒక్క గ్రామమునకై అలియానో, గ్వార్దియా పెర్తికారా, క్రాకో మొదలగు పెక్కు ఊళ్లలో చిత్రము తీసెను. వీనిలో క్రాకో కథ విచారింపదగినది. అది మట్టికొండ కొనపై రాతియిండ్లు ఒకదానిపై నొకటి ఎక్కినట్లుండు ఊరు. 1963లో అక్కడ నేల జారుట మొదలిడెను. ఇండ్లు బీటలు వారెను. జనులను క్రిందనున్న లోయకు తరలించిరి. చిత్రబృందము వచ్చునాటికి అది దాదాపు నిర్జనము. ఊరు పాడుపడుటయే చిత్రమునకు ఉపకారమైనది.

కాశ్మీర పండితుడగు క్షేమేంద్రుడు 11వ శతాబ్దమున ఔచిత్యమును విచారించుచు, పదమునకు, వాక్యమునకు, కాలమునకు వలెనే దేశమునకును ఔచిత్యము కలదని చెప్పెను. మన ఆలంకారికులు స్థలమును సామాన్యముగా ఉద్దీపన విభావములలో చేర్చుదురు. నాయికానాయకులు రసమునకు ఆలంబనము. ఉద్యానము, వెన్నెల, మలయమారుతము ఆ రసమును రగుల్చు సామగ్రి. మన చిత్రములందును పరదేశ చిత్రములందును స్థలమునకు కలిగిన ఉద్యోగము సాధారణముగా ఇంతమాత్రమే. రోసి చిత్రమున మాత్రము స్థలము ఆలంబన పదవినే పొందినదని మా అభిప్రాయము. ఇందు శోకమునకు విషయము ఒక నాయకుడు గాని నాయిక గాని కాదు. కోసికొనిపోవుచున్న ఆ మట్టికొండలును, వానిని దున్ని పొట్ట పోసికొను జనమును గూడి విషయమైనవి.

ఒక్క ఘట్టము చాలును. అబిసీనియా యుద్ధమున గెలిచితిమని ముస్సోలినీ చేయు ప్రసంగము రేడియోలో మ్రోగుచుండును. అప్పుడు రోసి మనకు రాజధానిని చూపడు. ఆ కంఠము వినబడుచుండగనే కెమెరా గ్రామము మీదికిని పొలముల మీదికిని మరలును. సామ్రాజ్యము లభించినదని గర్జించు మాట ఒకవైపు, గుప్పెడు గింజలకై వంగిన వీపులు ఒకవైపు. వ్యాఖ్యానమక్కరలేదు. ఈ దృశ్యము కల్పిత రంగస్థలమున తీసినచో ఇంత బలముండెడిది కాదు.

అయినను ఒక లోపమును చెప్పక తప్పదు. ఛాయాగ్రాహకుడు పస్క్వాలినో దె సాంతిస్ చూపిన వెలుగు ఎంత మనోహరమనగా, ప్రతి దృశ్యమును పటము కట్టి గోడకు తగిలింపవచ్చును. ఆ సొగసులో దారిద్ర్యపు దుర్వాసన కొంత ఆరిపోయినది. లేవి గ్రంథమున పుట పుటకును మలేరియా జ్వరము వణకించుచుండును. దోమలు ఈ వ్యాధిబీజమును మోయునని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదున కనుగొన్నది 1897లో. ఇటలీ శాస్త్రజ్ఞులు సయితము మరుసటి యేటనే ఆ విషయమున గొప్ప కృషి చేసిరి. అయినను 1935 నాటికి ఆ విజ్ఞానఫలము లుకానియా రైతునకు అందలేదు. లేవి సోదరి మతేరా పట్టణమున నడచుచుండగా పిల్లలు వెంటబడి కాసులడుగలేదట, క్వినైను అడిగిరట. రాతిగోడలను చూపుట కెమెరాకు సులభము; అందని ఔషధమును చూపుట కష్టము.

ఆ మతేరా చరిత్రమును గూడ పాఠకులు గమనింపవలెను. అక్కడ సస్సి అను కొండగుహల యిండ్లలో మనుష్యులును పశువులును ఒక్క గదిలోనే బ్రదుకుచుండిరి. లేవి గ్రంథము వెలువడిన పిదప దేశమున అలజడి కలిగి, 1952లో శాసనము చేసి, సుమారు 15,000 జనులను క్రమముగా క్రొత్త యిండ్లకు తరలించిరి. పసోలిని అను దర్శకుడు క్రీస్తు చరిత్రమును చిత్రింపనెంచి 1963లో పాలస్తీనాకు పోయి చూచెను. ఆ దేశము ఆధునికమైపోయినదని నిరాశపడి, 1964 నాటి తన చిత్రమున ఈ మతేరానే జెరూసలేముగా చూపెను. 2004లో వెలువడిన మెల్ గిబ్సన్ చిత్రమునకును మతేరాయే జెరూసలేమైనది. రెండువేల యేండ్ల నాటి నగరముగా చెల్లుటకు ఆ పేటకు గల యోగ్యత యేమి? శతాబ్దముల నిరాదరణమే గదా! క్రీస్తు రాలేదని మొరపెట్టిన సీమకు తుదకు క్రీస్తు వేషధారి వచ్చెను. అప్పటికి మొరపెట్టినవారు ఆ యిండ్లలో లేరు.

1993లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ఆ గుహలను ప్రపంచ వారసత్వములో చేర్చెను. 2019లో మతేరా యూరపు సాంస్కృతిక రాజధానియయ్యెను. నేడు ఆ గుహలలో కొన్ని యాత్రికుల విడుదులు. దీనిని మేము నిందింపము. పాడుపడిన పేటకు జీవనోపాధి కలుగుట మేలే. కాని గాడిదతోను పందితోను ఏ బిడ్డలు ఆ గదిలో నిద్రించిరో తెలియక 'ఎంత రమణీయము' అని మురియుట విద్యావంతులకు తగినది కాదు.

తుద కొక మాట మమ్ము గూర్చియే చెప్పవలసియున్నది. మేము వృత్తిచే ఉపాధ్యాయులము. లేవి చూచిన గ్రామమున అధికారియు బడిపంతులును ఒక్కడే. ఆతడు బెత్తము పట్టి, బడి వసారాలో చుట్ట కాల్చుచు, దారిన పోవువారితో ముచ్చటలాడుచు కాలము పుచ్చును. చదువు రాని పిల్లలు నిర్బంధములోనున్న పరదేశి కడకు వచ్చి అక్షరములు నేర్పుమని వేడుకొందురు. ఇది చదివినప్పుడు మా చేతి బెత్తము మాకే బరువైనది. కొండలను తప్పు పట్టలేము; దోమలను తప్పు పట్టి ప్రయోజనము లేదు. ఆ పంతులు మాత్రము మావంటివాడే. క్రీస్తును ఎబోలివద్ద నిలిపినవారిలో ఆతడొకడు.

1975లో మరణించిన లేవిని అలియానోలోనే సమాధి చేసిరి. బలవంతముగా పంపబడిన ఊరినే ఆతడు తనదిగా వరించెను. స్థలమునకు చిత్రకారుడు చెల్లింపవలసిన ఋణమేమో ఇందువలన తెలియుచున్నది. రోసి ఆ ఋణములో చాల భాగము తీర్చెను. అందమునకు లొంగిన చోట్ల మాత్రము బాకీపడెను. పాఠకులు ఈ చిత్రమును ఇంటిల్లిపాదితో గూడి చూచి, కొండల సొగసును మెచ్చుకొన్న పిదప, ఆ యిండ్లలో ఎవరుండిరని పిల్లలు అడిగినచో తొందరపడక సమాధానము చెప్పుదురుగాక.