రేగడి నేల మీద కిటికీ పని

ఆదోనిలో పాత మిద్దెకు కొత్త కిటికీలు పెట్టించాలనుకునేవాళ్ళు మొదట అడిగే మాట ఒకటే: టేకా, అల్యూమినియమా, యూపీవీసీనా? ఆ ప్రశ్నకు జవాబు వెతికే ముందు, పీకేయబోతున్న కిటికీ దగ్గర కాసేపు నిలబడమంటాను. కొత్తదానిలో ఏం చూడాలో ఆ పాతదే నేర్పుతుంది.

కోట కింది పాత పేటల్లో రాతి గోడలు రెండడుగుల మందం దాకా ఉంటాయి. వాటిలో కూర్చోబెట్టినవి చాలావరకు నాలుగు రెక్కల కిటికీలు: పైన జత, కింద జత. కింది రెక్కలు మూస్తే వీధి చూపు ఇంట్లోకి రాదు. పైవి తెరిస్తే లోపల పైకప్పు కింద చేరిన వేడిగాలి బయటికి పోతుంది. రెక్కలు రెండూ కలిసేచోట వేలితో తడిమి చూడండి. ఒకదాని అంచు రెండోదాని అంచు మీదికి ఎక్కి కూర్చుంటుంది. వడగాలి, దుమ్ము నేరుగా దూరే సందు ఉండదు. రబ్బరు లేని కాలంలో ఆ పని అంతా ఉలితోనే చేశారు.

అసలు పనితనం మూలల్లో ఉంది. నిలువు కొయ్య కొసను సన్నగా చెక్కి, అడ్డ కొయ్య బెజ్జంలో దిగ్గొట్టి, పక్కనుంచి కొయ్యచీల వేస్తారు. మంచి పనిలో చీల బెజ్జాలు రెండు కొయ్యల్లోనూ సరిగ్గా ఒకే వరుసలో ఉండవు. వెంట్రుకవాసి తేడాతో వేసి ఉంటాయి. చీల దిగేకొద్దీ రెండు కొయ్యలూ ఒకదాన్నొకటి లాక్కుని బిగుసుకుంటాయి. ఇనుప చువ్వలను చట్రం బిగించక ముందే బెజ్జాల్లో దూర్చేస్తారు కనుక, చట్రాన్ని విరగ్గొట్టకుండా దొంగ వాటిని ఊడదీయలేడు. పై కొయ్య, కింది కొయ్య రెండువైపులా పొడుచుకొచ్చి గోడలోకి దిగి ఉంటాయి. ముందు చట్రం నిలబెట్టి దాని చుట్టూ గోడ లేపారు. అందుకే పాత చట్రం తీయాలంటే గోడ పగలగొట్టాలి, లేదా ఆ కొయ్యలను కోసేయాలి.

ఇంత శ్రద్ధ ఎందుకు పట్టిందో ఈ నేలను చూస్తే అర్థమవుతుంది. పత్తి పండే నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పునాది గట్టినేల దాకా దిగని ఇల్లయితే ఆ ఉబ్బూ కుంగూ గోడకు తగులుతుంది, మెల్లగా కిటికీ మూలలు లంబం తప్పుతాయి. చీల వేసిన కొయ్య మూల విరగకుండా కాస్త సర్దుకుంటుంది. రెక్క ఇరుకైతే ఆచారి వచ్చి అంచున చిత్రికతో ఒక పొర తీస్తాడు. మళ్ళీ మూసుకుంటుంది. ఏ ముక్క పాడైతే ఆ ముక్కే మార్చుకోవచ్చు. ఇంతకంటే తెలివైన కిటికీని నేను చూడలేదు.

దగ్గర్లోని ఎమ్మిగనూరులో ఇంకో లెక్క ఉంది. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఊరు అది. గుంట మగ్గం మీద కూర్చున్న మనిషికి పడుగు పోగు స్పష్టంగా కనబడాలి. పొడిగాలి తగిలితే మాత్రం నూలు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. వెలుతురు పూర్తిగా రావాలి, వేసవి గాలి అదుపులో ఉండాలి. మగ్గమున్న ఇంట్లో కిటికీ మార్చేటప్పుడు ఈ రెండూ కలిపి ఆలోచించాలి. అద్దం రెక్కల వల్ల ఇక్కడ నిజమైన మేలుంది: మూసి ఉన్నా పని ఆగదు.

ఇక కొత్త సరుకు. యూపీవీసీ కిటికీలో నేను ముందు చూసేది మూలలే. పట్టీల కొసలను నలభై అయిదు డిగ్రీల వాలుగా కోసి, దాదాపు 240 డిగ్రీల వేడి పలక మీద కరిగించి ఒకదానికొకటి అదుముతారు. బాగా చేసిన మూలలో అతుకు సన్నని గీతలా, ఎక్కడా సందు లేకుండా ఉంటుంది. అదీ పనితనమే, దాన్నీ మెచ్చుకోవాలి. పట్టీ లోపల ఇనుప గొట్టం వేశారా అని అడగండి. అది లేకపోతే పెద్ద కిటికీ మన ఎండకు వంగుతుంది. ఈ ప్లాస్టిక్కు బాగా సాగుతుంది కూడా: మీటరున్నర పట్టీ నలభై డిగ్రీల తేడాకు నాలుగు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అందుకని చట్రానికీ గోడకూ మధ్య చుట్టూ సందు వదిలి, నురగతో నింపి, బయట సిలికాన్ పూయాలి. సందు లేకుండా సిమెంటుతో బిగించేస్తే కదిలే గోడ ఒత్తిడి అద్దం మీద పడుతుంది. అల్యూమినియం ఇంత సాగదు గానీ కొయ్యకంటే చాలా ఎక్కువ వేడిని లోపలికి మోసుకొస్తుంది. పడమటి గోడకు అది వద్దంటాను.

కొలత తీసే తీరులోనే పనివాడు తెలిసిపోతాడు. వెడల్పు పైన, మధ్యన, కింద మూడుచోట్ల, ఎత్తు కూడా అలాగే మూడుచోట్ల కొలిచి తక్కువదాన్ని రాసుకోవాలి. తర్వాత మూల నుంచి ఎదురు మూలకు రెండువైపులా టేపు పట్టాలి. రెండు కొలతలూ కలవకపోతే మూలలు లంబం తప్పాయన్నమాట. ఒక్క కొలతతో వెళ్ళిపోయేవాడికి అడ్వాన్సు ఇవ్వొద్దు. జరిపే రెక్కల కిటికీ ఇక్కడ నాకు నచ్చదు. సగమే తెరుచుకుంటుంది, కింది పట్టాలో దుమ్మూ జిన్నింగు మిల్లుల దూదీ చేరి చక్రాలను తినేస్తుంది. బయటికి తెరుచుకునే రెక్కలు, లోపల గ్రిల్లు, దోమల జాలి మేలు. చట్రాన్ని గోడ లోపలి అంచు వైపు పెట్టించండి. గోడ మందమే దానికి నీడవుతుంది. కింద బేతంచెర్ల బండ బయటికి వాలుగా పరిస్తే వాన నిలవదు. చట్రం అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రాలుంటాయి. సిలికాన్ పూసేవాడు వాటిని కూడా మూసేయకుండా దగ్గరుండి చూడండి.

పాత చట్రంలో కొయ్య గట్టిగా ఉంటే, ఉలి మొన గుచ్చినా దిగకపోతే, దాన్ని ఉంచేయండి. రెక్కలు మాత్రం మార్పించి అద్దం వేయించుకోండి. చెదలు తిన్నదైతేనే తీయించండి. అప్పుడైనా ఆ పాత చట్రం మూలను కొత్త మేస్త్రికి ఒకసారి చూపించి, ఈ పాటి పని కావాలని చెప్పండి.