మసి లెక్కలో మట్టి పాలు

గాలిలోని మసిని కొలిచెడు పరికరములలో ఏథలోమీటరు ప్రసిద్ధమైనది. 1984లో అమెరికా శాస్త్రజ్ఞులు హాన్సెన్, రోజెన్, నొవకోవ్ దీనిని వర్ణించిరి. గాలిని ఒక వడపోత పట్టీగుండా పీల్చి, పట్టీ నల్లబడుకొలది దానిగుండా వచ్చు కాంతి ఎంత తగ్గుచున్నదో ఇది చూచును. అనంతపురములోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయములో కూడ ఇట్టి పరికరముతో కొలతలు జరిగినవి. నిమిషములలో ఫలితము నిచ్చుట, రాత్రింబవళ్లు పనిచేయుట దీని సుగుణములు. అయితే ఇది నేరుగా కొలుచునది కాంతి తగ్గుదల మాత్రమే. మసి బరువు దానినుండి కట్టిన లెక్క.

మసి ఎక్కడిదో చెప్పుటకు కూడ ఈ కొలతలను వాడుచున్నారు. 2008లో స్విట్జర్లాండులోని ఒక ఆల్ప్స్ లోయ కొలతలతో అట్టి పద్ధతి ప్రకటింపబడినది. 950 నానోమీటర్ల పరారుణ కాంతికంటె 470 నానోమీటర్ల నీలికాంతిని వాహనముల మసి సుమారు 2 రెట్లు, కట్టెల పొగ సుమారు 4 రెట్లు పీల్చునని దీని ఆధారము. రెండు కొలతలు, రెండు అవ్యక్తరాసులు. సాధనకు ఉన్నత పాఠశాల బీజగణితము చాలును.

కట్టెలు కాల్చు చలికాలపు లోయకు ఇది తగినదే. సోమందేపల్లెకు తగునా? ఇచ్చట జాతీయ రహదారిపై లారీలున్నవి, కట్టెల పొయ్యిలున్నవి. వానికి తోడు, వానలు లేని నెలలలో బీడు చేలనుండి లేచెడు ఎఱ్ఱమట్టి ధూళి కలదు. మట్టికి ఎరుపు నిచ్చు ఇనుప ఆక్సైడు నీలికాంతిని గట్టిగా పీల్చును. ఈ మూడవ దానికి ఆ సమీకరణములలో చోటు లేదు.

ఒక ఊహా లెక్క చూడుడు. వాహనముల మసి పరారుణములో 10 పాళ్లు, నీలిలో 20 పాళ్లు పీల్చినదనుకొందము. ధూళి పరారుణములో 1 పాలు, నీలిలో 8 పాళ్లు పీల్చినది. మొత్తము 11, 28. సమీకరణములను సాధించిన, 11 పాళ్లలో 3 పాళ్లు కట్టెల పొగ యని వచ్చును. ఒక్క పుల్ల కాలలేదు. నాలుగవ వంతుకు మించి నేరము పొయ్యిపై పడినది! ఇట్టి లెక్కను నమ్మి చర్యలు తీసికొన్నచో పొయ్యి ముందరి ఇల్లాలికి అన్యాయము, రహదారి పొగకు ఉపేక్ష.

పరికరమును నిందించి ప్రయోజనము లేదు. దోషము ఒకచోటి అంకెలను పరీక్షింపక మరియొకచోట వాడుటలో నున్నది. గాలి లోనికి వచ్చు మార్గముననే పెద్ద కణములను ఆపిన ధూళి చాలవరకు తగ్గును. పట్టీపై చేరిన ఇనుమును రసాయన పరీక్షతో కొలిచిన ధూళి పాలు తెలియును. ఈ రెండును చేయక మెట్ట ప్రాంతములో కట్టెపొగ శాతమును ప్రకటించుట తొందరపాటు.

తరగతిలో దీనిని సులభముగా చూపవచ్చును. తెల్లకాగితముపై దీపపు మసి మచ్చ, ఎఱ్ఱమట్టి మచ్చ పెట్టి ఎరుపు, నీలి గాజుకాగితములగుండా చూడవలెను. మసి రెంటను నల్లగనే యుండును; మట్టి మచ్చ ఎరుపులో వెలిసి, నీలిలో నల్లబడును.