మోదెనా అటక మీద పాతికేళ్లు

రోమ్, ఫ్లారెన్స్, వెనిస్ చుట్టి వచ్చే మనవాళ్లు బొలోన్యా స్టేషన్ మీదుగానే వెళ్తారు. అక్కడి నుంచి రైల్లో అరగంటైనా పట్టని మోదెనాలో మాత్రం దిగరు. దిగినవాళ్లు కూడా ఫెరారీ కార్లు చూడ్డానికి మారనెల్లో దారి పడతారు. ఆ ఊళ్లో ఇళ్ల అటకల మీద మాగుతున్నదాన్ని నాలుక మీద వేసుకోకుండా ఇటలీ తిండి తెలిసిందనుకుంటే, అసలుది వదిలేసి వచ్చినట్టే.

దాని పేరు అచేతో బల్సామికో త్రదిత్సియొనాలె. పుట్టుకకు వెనిగరే. కానీ ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చే ముక్కుపుటాలదిరే పులుపుకీ దీనికీ పోలికే లేదు. చిక్కగా, నల్లగా మెరుస్తూ, ముందు తియ్యగా తగిలి, పులుపు నెమ్మదిగా పైకొచ్చి, గొంతు దిగాక కూడా కర్ర వాసనను నోట్లో వదిలి వెళ్తుంది.

ఇందులో పడేది ద్రాక్షరసం ఒక్కటే. త్రెబ్బియానో, లాంబ్రుస్కో వంటి స్థానిక ద్రాక్షలను పిండి, ఆ రసాన్ని మూతలేని పెద్ద పాత్రల్లో గంటల తరబడి కాస్తారు. అనకాపల్లి వైపు చెరుకురసం బెల్లం పాకానికి తిరిగేటప్పుడు పెనం దగ్గర నిలబడ్డవాళ్లకు ఆ వాసన కొత్తగా ఉండదు. రసం సగానికి మరిగాక అది పులుస్తుంది, ముందు మద్యంగానూ ఆపైన పులుపుగానూ మారుతుంది. అప్పుడు పీపాల్లోకి ఎక్కుతుంది.

అసలు విద్యంతా ఆ పీపాల దగ్గరే. ఒక్కో వరసలో ఐదో, అంతకుమించో ఉంటాయి. ఒకదానికంటే ఒకటి చిన్నది. ఒకటి ఓక్, ఒకటి చెస్ట్‌నట్, ఒకటి చెర్రీ, ఒకటి మల్బరీ, ఒకటి జునిపర్. ఏ కర్ర గుణం దానిది. చెస్ట్‌నట్ రంగునిస్తే, చెర్రీ తీపినిస్తుంది, జునిపర్ ఘాటైన సువాసన పట్టిస్తుంది. వైన్‌ని చల్లటి నేలమాళిగలో దాస్తే దీన్ని ఇంటి కప్పు కింద అటక మీద పెడతారు. వేసవి మంటకు నీరు ఆవిరై రసం చిక్కబడాలి, చలికాలంలో తేటపడాలి.

ఏటా చలికాలంలో పీపాలు నింపే పని చూడాలి, ఎంత ఓపికో! పీపా పైన నలుచదరపు రంధ్రం, దాని మీద గుడ్డ. ఇంటి పెద్ద ఆ గుడ్డ తొలగించి ముందు వాసన చూస్తాడు, ఆ తర్వాతే తీసే సంగతి. అన్నిటికంటే చిన్న పీపాలోంచి కొద్దిగా మాత్రమే తీస్తాడు. ఆ వెలితిని దాని పక్క పెద్దదాంతో పూడుస్తాడు, దాని వెలితిని మరో పెద్దదాంతో. చివరి పెద్ద పీపాలోకి కొత్తగా కాచిన రసం వెళ్తుంది. అందుకే చిన్న పీపా ఎప్పుడూ ఖాళీ కాదు, తాత పోసిన రసం తాలూకు బొట్టు మనవడు తీసే చెంచాలోనూ ఉంటుంది. ఆశపడి ఎక్కువ తీశారో, వరస మొత్తం పలచబడుతుంది. పట్టించుకోకుండా ఏళ్లు వదిలేశారో, ఎండిపోతుంది.

చరిత్రంటారా? 1046లో చక్రవర్తి మూడో హెన్రీకి ఇలాంటి వెనిగరే కానుకగా వెళ్లిందని డోనిజోనే అనే సన్యాసి రాశాడు. 1747 నాటి, మోదెనాను ఏలిన ఎస్తె ప్రభువుల లెక్కల పుస్తకాల్లో ‘బల్సామికో’ అన్న పేరు కనిపిస్తుంది. 1862లో ఫ్రాంచెస్కో అగ్గజ్జొత్తి అనే వకీలు తన ఇంటి పద్ధతినంతా ఒక మిత్రుడికి ఉత్తరంలో విడమర్చి చెప్పాడు. ఈనాటికీ పనివాళ్లు ఆధారం చేసుకునేది ఆయన మాటనే. దాచుకోదగిన రహస్యాన్ని అలా పంచిపెట్టిన ఆ మనిషికి దండం పెట్టాలి. ఆడపిల్ల పుడితే కొత్త వరస మొదలుపెట్టి పెళ్లికి సారెగా పంపేవారని కూడా మోదెనా పల్లెల్లో చెప్పుకుంటారు.

1967లో రొలాందో సిమొనీని మోదెనా దగ్గరి స్పిలంబెర్తోలో రుచిచూసేవాళ్ల సంఘం పెట్టకపోయి ఉంటే ఈ విద్య ఇళ్లలోనే అణగిపోయేదని నా నమ్మకం. ఏటా సెయింట్ జాన్ పండుగ వేళ ఆ ఊళ్లో జరిగే పోటీకి ఇంటింటి నుంచీ సీసాలు వస్తాయి. అక్కడ తీర్పరి కావాలంటే ఏళ్ల తరబడి శిష్యరికం చేయాలి. వాళ్లు బుడ్డిని కొవ్వొత్తి వెలుగుకు ఎత్తి, తిప్పి, గోడను ఎలా పట్టుకుని జారుతుందో చూస్తారు. తర్వాత వాసన, ఆ తర్వాతే నాలుక. అమ్మకానికి వెళ్లే ప్రతి సరుకూ ఇలాంటి పరీక్షకే నిలబడాలి. కనీసం 12 ఏళ్లు మాగింది ఒక మెట్టు, 25 ఏళ్లు దాటింది ‘ఎక్‌స్త్రావెక్కియో’. నెగ్గితేనే కార్ల రూపశిల్పి జుజారో గీసిన 100 మిల్లీలీటర్ల గుండ్రటి బుడ్డిలోకి చేరుతుంది. పొరుగున రెజ్జో ఎమీలియా వాళ్లది మరో గుర్తింపు, మూడు మెట్లు. అదీ గొప్పదే. అయినా నా ఓటు మోదెనాకే.

మరి మన సూపర్‌మార్కెట్లో దొరికేది? ‘మోదెనా బల్సామిక్ వెనిగర్’ పేరుతో 2009లో వేరే భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. దానికి 60 రోజులు చాలు. ద్రాక్షరసం 20 శాతం ఉన్నా సరే, మిగతాది మామూలు వైన్ వెనిగర్ కావచ్చు, రంగుకి 2 శాతం దాకా క్యారమెల్ కలపొచ్చు. సలాడ్‌కు పనికొస్తుంది, కాదనను. కానీ సీసా మీద పాత పీపాల బొమ్మలు, రాజముద్రలు అచ్చేసి పాతికేళ్ల శ్రమ పేరును వాడుకోవడం చూస్తే ఒళ్లు మండుతుంది. ఇక పిండి, గమ్ కలిపి చిక్కబరిచి ‘గ్లేజ్’ అని పిజ్జా మీద గీతలు గీసే సరుకు సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా 2019 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, రక్షణ ‘అచేతో బల్సామికో ది మోదెనా’ అన్న పూర్తి పేరుకే ఉందనీ, ‘బల్సామికో’ మాటను విడిగా ఎవరైనా వాడుకోవచ్చనీ తేల్చింది. పేరు దొంగలకు ఇంతకన్నా ఏం కావాలి? పీపాల వరస అంటే తన జీవితకాలంలో లాభం చూడనివాడు మొదలుపెట్టే పని. ‘బల్సామికో’ అన్న మాట చౌకబారిపోతే రేపు ఏ కొడుకు అటక ఎక్కుతాడు?

కాబట్టి ఆ దారిన వెళ్తే స్పిలంబెర్తోలోని మ్యూజియం చూడండి. ముందుగా ఫోన్ చేస్తే అటక ఎక్కించే కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ల దగ్గరే కొనండి. 25 ఏళ్లది వంద యూరోలు దాటుతుంది, నిజమే. కానీ బొట్లలో వాడేది గనక నెలల తరబడి వస్తుంది. పొయ్యి మీద మాత్రం పెట్టకండి. పార్మిజానో చీజ్ ముక్క మీద, స్ట్రాబెర్రీల మీద, వెనిలా ఐస్‌క్రీమ్ మీద రెండేసి చుక్కలు చాలు. కొనేముందు సీసా వెనక పదార్థాల జాబితా చదవండి. కాచిన ద్రాక్షరసం తప్ప మరో మాట కనబడితే, ముందువైపు ఎంత పాత పీపా బొమ్మ ఉన్నా దాన్ని తిరిగి అరలో పెట్టేయండి.